లూసీ లార్కమ్ చదవదగ్గ కవయిత్రేనా? మిల్లు కథ పక్కన పెడితే ఏం మిగులుతుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఎం.ఏ. ఇంగ్లిష్ సెమినార్ పేపర్‌కి మీ మేడం లూసీ లార్కమ్ పేరిచ్చారు. నెట్‌లో వెతికితే "బట్టల మిల్లులో పనిచేసింది, తర్వాత కవయిత్రి అయింది, కవి విట్టియర్‌కి స్నేహితురాలు" అన్న మూడు ముక్కలే దొరికాయి. ఆమె నిజంగా చెప్పుకోదగ్గ కవయిత్రేనా, లేక మిల్లు కథ వల్లే పేరు నిలిచిందా, పేపర్ ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు.

సూటిగా చెప్తాను. ఎమిలీ డికిన్సన్ సరసన పెట్టదగ్గ కవయిత్రి కాదు. కానీ చదివి తీరాల్సిన మనిషి. రాసిన వందల కవితల్లో ఈనాటికి నిలబడేవి ఏడెనిమిది ఉంటాయి. వచనం మాత్రం ఇప్పటికీ చెక్కుచెదరలేదు. "మిల్లు పిల్ల కవయిత్రి అయింది" అనే విజయగాథ మాత్రం రాయకండి. ఆమె జీవితమంతా తీరిక కోసం సాగిన బేరం. ఏ పనిలో చేరినా, ఏ పని మానినా, జీతమెంత అనేదానికంటే చదువుకీ రాతకీ ఎంత సమయం మిగులుతుంది అన్నదే ఆమె చూసుకున్న లెక్క. పేపర్‌ని అక్కడి నుంచి మొదలుపెడితే కవితలు కూడా వాటంతటవే ఒక వరసలోకి వస్తాయి.

నా సంగతి రెండు మాటల్లో. పీజీ పిల్లలకు చాలా ఏళ్ళు అమెరికన్ సాహిత్యం చెప్పాను, ప్రాజెక్టులు గైడ్ చేశాను. మా రోజుల్లో ఈ సబ్జెక్టు చదివేవాళ్ళకు ఉస్మానియా క్యాంపస్‌లోని అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ లైబ్రరీయే దిక్కు. పుస్తకం కోసం జిల్లాల నుంచి రైలెక్కి వెళ్ళేవాళ్ళం. ఇప్పుడు లార్కమ్ రాసినవన్నీ కాపీరైట్ దాటిపోయి ఉచితంగా దొరుకుతున్నాయి కాబట్టి మీకు ఆ తిప్పలు లేవు.

ఇక జీవితం. 1824 మార్చి 5న మసాచుసెట్స్‌లోని బెవర్లీ అనే సముద్రతీరపు ఊళ్ళో పుట్టింది. పదిమంది సంతానంలో తొమ్మిదోది. తండ్రి బెంజమిన్ ఓడ కెప్టెన్‌గా చేసి, తర్వాత ఊళ్ళో కొట్టు పెట్టుకున్నాడు. లూసీకి ఎనిమిదేళ్ళప్పుడు ఆయన పోయాడు. తల్లి లోయిస్ పిల్లల్ని వెంటబెట్టుకుని లోవెల్ చేరింది.

లోవెల్ అంటే మెరిమాక్ నది జలపాతం దగ్గర, నీటి బలంతో నడిచే బట్టల మిల్లుల కోసమే కట్టిన ఊరు. చుట్టుపక్కల పల్లెల నుంచి వేలమంది పెళ్ళికాని అమ్మాయిలు వచ్చి పనిచేసేవాళ్ళు. వాళ్ళు ఉండటానికి కంపెనీలే బోర్డింగ్ హౌస్‌లు కట్టి, వాటి నిర్వహణ ఎక్కువగా వితంతువులకు అప్పగించేవి. లూసీ తల్లి అలాంటి ఒక హౌస్ తీసుకుంది. (చిన్న జాగ్రత్త: ఊరికి ఆ పేరు ఫ్రాన్సిస్ కేబట్ లోవెల్ అనే వ్యాపారి మీద వచ్చింది. కవి జేమ్స్ రస్సెల్ లోవెల్ అదే వంశంవాడు గానీ మనిషి వేరు. పేపర్లలో ఈ ఇద్దరూ తరచు ఒకరైపోతుంటారు.)

బోర్డింగ్ హౌస్ నడిపి బాగుపడాలంటే వడ్డించేటప్పుడు చెయ్యి బిగబట్టాలి. లోయిస్‌కి ఆ విద్య రాలేదు. ఖర్చులకు రాబడి చాలక, పదకొండేళ్ళ లూసీ మిల్లులో చేరింది. నూలు నిండిన బాబిన్లు తీసి ఖాళీవి పెట్టడం ఆమె పని. ముప్పావు గంటకోసారి ఆ పని ఉంటుంది, మధ్యలో తోటి పిల్లలతో ఆటలు. మొదటిరోజు ఇంటికొస్తే అందరూ అయ్యో పాపం అన్నారు. ఆమె నవ్వేసి ఇదేం పని, ఆటలాగే ఉంది అందట. ఈ ముక్కను అందరూ ఉటంకిస్తారు. కానీ అదే పుస్తకంలో కొంచెం ముందుకెళ్తే గిర్రున తిరిగే కప్పీలు, కదుళ్ళ రొద తనకు విసుగు పుట్టించేదని, ఆ నిర్బంధం భారంగా ఉండేదని కూడా ఉంటుంది. రెండూ చెప్పాలి. ఉదయం ఐదింటి నుంచి రాత్రి ఏడింటి వరకు పని, మధ్యలో తిండికి కాస్త విరామం. లోవెల్ మిల్లుల్లో వారానికి సగటున 73 గంటలు పనిచేసేవారు.

చట్టం ప్రకారం పిల్లల్ని ఏడాదికి మూణ్ణెల్లు బడికి పంపాలి. ఆ మూణ్ణెల్లలోనే లూసీ పైచదువుకి తయారైపోయింది. కానీ ఆమె తెచ్చే వారానికి ఒక డాలరు, తన భోజనం ఖర్చు పోను, ఇంటికి కావాలి. బడి మానేసి మళ్ళీ మిల్లుకి వెళ్ళింది. పదమూడేళ్ళ వయసులో అలా వదులుకున్న చదువు ఇరవై ఎనిమిదో ఏట గానీ పూర్తి కాలేదు. నేను బేరం అన్నది ఇక్కడి నుంచే మొదలవుతుంది.

మిల్లులోకి పుస్తకాలు తేకూడదని అచ్చువేసిన రూలు ఉండేది. లూసీ తన పనిచోటు పక్కనున్న కిటికీ గూటి గోడల నిండా పేపర్లలోంచి కత్తిరించిన కవితలు అంటించింది. ఆ రోజుల్లో వారపత్రికలన్నిటిలో కవితలకో మూల ఉండేది. పుస్తకం తేకూడదన్నారు గానీ కాగితం ముక్క అంటించకూడదని ఎవరూ అనలేదు కదా! మరి బైబిల్ సంగతి? దేవుడి పుస్తకానికి రూలేమిటని కొందరమ్మాయిలు తెచ్చుకునేవారు. ఒక ఓవర్‌సీర్ దొరికినవి దొరికినట్టు లాక్కుంటే అతని బల్ల సొరుగంతా బైబిళ్ళతో నిండిపోయింది. లూసీ చిరిగిన బైబిల్ పేజీలు కొన్ని జేబులో పెట్టుకుని గట్టెక్కేది. ఆ ఓవర్‌సీర్‌కి ధర్మం కంటే చట్టమే ముఖ్యమని ఆమె వేసిన చురక చూస్తే, ఈ మనిషి మరీ అంత మెతక కాదని అర్థమవుతుంది.

కొన్నాళ్ళకు స్పిన్నింగ్ గది వదిలి, తయారైన బట్టను కొలిచి, మడిచి, లెక్క రాసే గదిలోకి మారింది. అక్కడ గంటలు తక్కువ, రొద తక్కువ, పుస్తకం దగ్గర పెట్టుకుంటే ఎవరూ అడగరు. మారేటప్పుడు జీతాలిచ్చే గుమాస్తా, ఎక్కువ డబ్బులొచ్చే చోటికి వెళ్తున్నావా అన్నాడు. లేదు, ఎక్కువ సమయం దొరికే చోటికి అంది. అవునవును, సమయమంటే డబ్బే కదా అని పెద్దరికంగా అన్నాడాయన. ఆమె పైకేమీ అనలేదు. సమయమంటే చదువు అని లోపల అనుకుంది. పేపర్‌లో ఒక్క ఘట్టమే వాడే చోటు ఉంటే దీన్ని వాడండి. ఆ గదిలో పనిచేస్తూనే జర్మన్, బాటనీ నేర్చుకుంది.

మిల్లు అమ్మాయిలు తామే రాసి వేసుకున్న 'లోవెల్ ఆఫరింగ్' పత్రిక గురించి మీరు చదివే ఉంటారు. 1840 నుంచి 1845 వరకు వచ్చింది. 1842లో చార్లెస్ డికెన్స్ లోవెల్ చూసి ఆ పత్రికను మెచ్చుకున్నాడు. లూసీ అక్క ఎమిలీన్ మొదట ఇంట్లో ఒక చేతిరాత పత్రిక నడిపింది. తర్వాత చర్చి బృందంతో కలిసి మరో పత్రికలో పాలుపంచుకుంది. అది ఆఫరింగ్‌లో కలిసిపోయాక లూసీ రచనలు అందులో వచ్చాయి. కొన్నిచోట్ల లూసీయే ఆఫరింగ్ సంపాదకురాలని రాశారు. ఆ పని చేసినవాళ్ళు హారియెట్ ఫార్లీ, హారియట్ కర్టిస్.

ఇక్కడే మావాళ్ళొకరు బోల్తా పడ్డారు. నా దగ్గర ప్రాజెక్టు చేసినవారు కాదు, వైవాకి నేను వెళ్ళిన చోట ఒక అబ్బాయి. శీర్షికలోనే లార్కమ్‌ని "కార్మికోద్యమ కవయిత్రి" అన్నాడు. ఏ కవితలో అని అడిగితే పేజీలు తిప్పుతూ ఉండిపోయాడు. దొరకదు. లోవెల్‌లో 1834లోనూ 1836లోనూ జీతాల కోత మీద, బోర్డింగ్ రేట్ల మీద సమ్మెలు జరిగాయి. 1836 సమ్మెలో పదకొండేళ్ళ హారియెట్ హాన్సన్ తన గదిలోని వాళ్ళందరికంటే ముందు పని వదిలి బయటికి నడిచింది. ఈమె లూసీకి తర్వాత మంచి స్నేహితురాలు, ఆ రోజుల గురించి ఆమే ఒక పుస్తకం రాసింది. కార్మిక నాయకురాలు సారా బాగ్లీ, ఆఫరింగ్ పత్రిక మిల్లు కంపెనీలను విమర్శించే రాతలు వేయదని 1845లో బహిరంగంగానే అంది. లూసీ ఆత్మకథ చదివితే ఈ గొడవలేవీ జరగనట్టే ఉంటుంది. ఆమె దృష్టి పనిలోని గౌరవం మీదే గానీ కూలి బేరం మీద కాదు. దీన్ని దాచకండి, సమర్థించకండి. ఉన్నదున్నట్టు చెప్పి ముందుకెళ్ళండి. నా మట్టుకు, ఆమె అంత జాగ్రత్తగా వదిలేసిన సంగతులే ఆ పుస్తకంలో ఆలోచింపజేసేవి.

1846లో అక్క, బావలతో కలిసి పడమరకు, ఇల్లినాయ్ ప్రెయిరీలకు (గడ్డిమైదానాలకు) వెళ్ళింది. అక్కడి పల్లెబళ్ళలో చాలీచాలని జీతానికి పంతులమ్మగా చేసింది. తర్వాత అక్కడే గాడ్‌ఫ్రీలోని మాంటిచెల్లో సెమినరీలో చేరింది (సెమినరీ అంటే ఇక్కడ అమ్మాయిల పైచదువుల బడి). చేతిలో ఫీజుకి డబ్బు లేదు. కింది తరగతులకు పాఠాలు చెబుతూ పై తరగతుల్లో చదువుకుని 1852లో పూర్తి చేసింది.

ఈ మధ్యలోనే పెళ్ళి మాట. బావగారి తమ్ముడు ఫ్రాంక్ స్పాల్డింగ్‌తో అనుకున్నారు. బంగారం వేట రోజుల్లో అతను కాలిఫోర్నియా వెళ్ళాడు, రమ్మన్నాడు. ఈమె వెళ్ళలేదు. ఏళ్ళ తరబడి నానబెట్టి చివరికి వద్దనుకుంది. బానిసత్వం మీద ఇద్దరి అభిప్రాయాలు కలవకపోవడం ఒక కారణమంటారు. సివిల్ వార్ నడుస్తుండగా 'అట్లాంటిక్ మంత్లీ'లో వచ్చిన 'ఎ లాయల్ వుమన్స్ నో' కవితలో, దేశం తగలబడుతుంటే ఎటూ తేల్చని మగవాణ్ణి ఒకామె మొహం మీదే కాదంటుంది. లార్కమ్ గొంతు అంత ఘాటుగా వినిపించే కవిత ఇంకోటి లేదు. అయితే కవితలో ఉన్నదంతా స్పాల్డింగ్ కథే అని రాసేయకండి. పెళ్ళి చేసుకోని బతుకు మీదే 'అన్‌వెడెడ్' అని ఇంకో కవిత ఉంది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చదవండి. అవివాహితని జాలిగా చూసే కాలంలో ఆమె ఎక్కడా క్షమాపణ అడుగుతున్నట్టు మాట్లాడదు.

1854 చివర మసాచుసెట్స్‌లోని నార్టన్‌లో వీటన్ సెమినరీలో టీచరయింది. 1855లో అక్కడి అమ్మాయిల చేత 'రష్‌లైట్' అనే పత్రిక మొదలుపెట్టించింది. అదే ఏడాది, బానిసత్వం లేని రాష్ట్రంగా కాన్సాస్‌ని నిలబెట్టాలని వలసదారుల్ని పంపుతున్న న్యూ ఇంగ్లండ్ ఎమిగ్రెంట్ ఎయిడ్ కంపెనీ పాటల పోటీ పెడితే, ఈమె 'కాల్ టు కాన్సాస్'కి 50 డాలర్ల బహుమతి వచ్చింది. చిన్నప్పుడు మిల్లులో భోజనం ఖర్చు పోను ఆమెకు మిగిలిన ఏడాది కూలికి అది దాదాపు సమానం. పాటగా సరే, కవిత్వంగా అందులో పెద్దగా ఏమీ లేదు.

టీచరు ఉద్యోగం ఆమెకు గౌరవమిచ్చింది, తీరిక ఇవ్వలేదు. పాఠాలు, కాంపోజిషన్లు దిద్దడం, పిల్లల మంచిచెడ్డలు. ఆరోగ్యం దెబ్బతిని 1862లో మానేసింది. ఇది చదివినప్పుడల్లా, పేపర్లు దిద్దుతూ తమ రాత అటకెక్కించిన మన తెలుగు మేడమ్‌లు, సార్లు నాకు గుర్తొస్తారు.

అయినా ఆమె మంచి కవితల్లో చాలావరకు ఈ కాలానివే. రెండింటిని దగ్గరగా చూద్దాం.

మొదటిది 'హానా బైండింగ్ షూస్'. మార్బుల్‌హెడ్ రేవులో కిటికీ దగ్గర కూర్చుని బూట్ల పైభాగాలు కుట్టే హానా. పెళ్ళయిన కొత్తలోనే మొగుడు బెన్ చేపలవేటకి వెళ్ళాడు, ఓడ తిరిగి రాలేదు. ఇరవై చలికాలాలు గడిచాయి, జుట్టు నెరిసింది. కొత్త ఓడ కనపడితే చాలు అతని కబురేమైనా తెచ్చారా అని అడుగుతూనే ఉంది, కుడుతూనే ఉంది. కన్నీళ్ళ కవిత అని పక్కన పెట్టేయడం తేలిక. కానీ ఆ పనేమిటో చూడండి. ఆ తీరంలో లిన్, మార్బుల్‌హెడ్, బెవర్లీ ఊళ్ళలో బూట్ల వ్యాపారులు తోలు ముక్కలు ఇళ్ళకు పంపితే ఆడవాళ్ళు కుట్టి ఇచ్చేవారు. ముక్కకింత అని కూలి. మగవాళ్ళు సముద్రం మీదికి పోయిన ఇళ్ళకు ఆధారం అదే. ఈ కవిత వచ్చిన 1850ల్లోనే కుట్టుమిషన్లు ఆ పనిని ఇళ్ళలోంచి ఫ్యాక్టరీల్లోకి లాగేస్తున్నాయి. 1860లో లిన్‌లో పెద్ద సమ్మె జరిగినప్పుడు ఆడవాళ్ళు మంచులో ఊరేగింపు తీశారు. హానా సమ్మె చేసే మనిషి కాదు. కానీ కవిత ప్రతి చరణమూ తిరిగి తిరిగి ఆమె చేతుల్లోని పని దగ్గరికే వస్తుంది. మొగుడు రాడు, పని ఆగదు. పల్లవిలో దమ్మంతా అదే.

ఈ కవితకో రభస కూడా ఉంది. ఆమె దీన్ని ఒక పత్రికకు పంపింది. అటునుంచి ఉలుకూ పలుకూ లేకపోతే ఇంకో పత్రికకు పంపింది. చివరికి మొదటి పత్రిక, మా కవితను ఎవరో దొంగిలించారని ఆమె మీదే అచ్చులో నింద వేసింది. తన కవిత తనే దొంగిలించిందన్నమాట! వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. ఆ గొడవతో కవిత పదిమందికీ తెలిసింది, పాటగా కట్టి పాడుకున్నారు కూడా. దీనికి తోడు 1861లో 'ది రోజ్ ఎన్‌త్రోన్డ్' అనే కవిత అట్లాంటిక్‌లో ఆ పత్రిక పద్ధతి ప్రకారం పేరు లేకుండా వస్తే, కొందరు అది ఆనాటి పెద్ద రచయిత ఎమర్సన్ రాసిందనుకున్నారు. రాసినప్పుడు ఆమె పేరు ఉండటమూ సమస్యే, లేకపోవడమూ సమస్యే.

రెండోది 'వీవింగ్'. నా లెక్కలో ఆమె రాసిన అన్నిటిలోకి ఇదే గట్టి కవిత. మెరిమాక్ ఒడ్డున మిల్లులో ఒక అమ్మాయి రోజంతా మగ్గం ముందు నిలబడి ఉంటుంది. కిటికీలోంచి నది కనిపిస్తుంది. నాడె అటూ ఇటూ పరుగెడుతుంటే ఆలోచన ఇంకా వేగంగా పోతుంది. మొదట ఇదేదో ప్రకృతి వర్ణన అనుకుంటాం. అక్కడి నుంచి ఆమెకు మాసిన బట్టల్లో తిరిగే పేద ఆడవాళ్ళు గుర్తొస్తారు. ఇంకాస్త ముందుకెళ్ళి, దక్షిణాదిలో పత్తి చేలల్లో బానిసలుగా ఉన్న నల్లజాతి స్త్రీలను నేరుగా పిలిచి అడుగుతుంది: మీకు జరిగే అన్యాయంలో నా వాటా ఎంత? మీరు ఏ తిండి లేక మాడుతున్నారో అదే నా నోట్లోకి వస్తోంది కదా? దోనె (పడుగు నూలు చుట్టిన దూలం) మీంచి విప్పుకుంటున్న ప్రతి పోగూ నెత్తుటితో ఎర్రగా ఉంది అంటుంది.

1860ల్లో ఉత్తరాది కవులు బానిసత్వాన్ని తిట్టడం వింత కాదు. కానీ ఎక్కువమంది దక్షిణాది యజమానిని తిట్టి చేతులు దులుపుకున్నారు. ఈ కవితలో నేత పనిచేసే మనిషి తన చేతులే చూసుకుంటుంది. ఇందులో అతిశయోక్తి లేదు. లోవెల్‌లో వడికిన పత్తి బానిసలు ఏరినదే. అంతేకాదు, ఆ మిల్లుల్లో నేసిన ముతక గుడ్డ మళ్ళీ తోటలకే వెళ్ళి బానిసల ఒంటి మీద బట్టయ్యేది. దక్షిణాదిలో ఆ గుడ్డనే "లోవెల్" అనేవాళ్ళు. కవితలో ఈ రెండో సగం లేదు గానీ పేపర్‌లో మీరు చెప్పవచ్చు.

దీన్ని క్లాసులో చెప్పినప్పుడు సిరిసిల్ల నుంచి వచ్చిన ఒకమ్మాయి ఒక మాట అంది. వాళ్ళింట్లో మరమగ్గాలున్నాయి. "సార్, మగ్గం దగ్గర ఇంత పొడవు ఆలోచన సాగదు. పోగు తెగితే చూపంతా అక్కడికే పోవాలి" అంది. విమర్శకుల పుస్తకాల్లో నేను ఆ మాట చూడలేదు. లార్కమ్ ఎక్కువగా స్పిన్నింగ్ దగ్గర, బట్ట గదిలో పనిచేసిన మనిషి, నేత పనిలో రోజులు గడిపింది కాదు. బహుశా అందుకే కవితలోని మగ్గం అంత ఓపిగ్గా ఆమెను ఆలోచించనిచ్చింది.

బోస్టన్ దగ్గర బంధువుల ఇంట్లో ఉన్నప్పుడు నేను లోవెల్‌లో బూట్ మిల్స్ అనే పాత బట్టల మిల్లు మ్యూజియం చూశాను. ఒక అంతస్తు నిండా మగ్గాలు, వాటిలో కొన్నిటిని నడిపి చూపిస్తారు. లోపలికి పోయేముందు చెవుల్లో పెట్టుకోవడానికి ప్లగ్గులిస్తారు. ఆ మగ్గాలు లూసీ కాలానివి కావు, 20వ శతాబ్దానివి. అయినా చెక్క నేల అరికాళ్ళ కింద వణుకుతూనే ఉంటుంది, పక్కమనిషి పెదవులు కదలడం తప్ప మాట వినపడదు. రొద అలవాటైపోయి తనకు నిశ్శబ్దంలా ఉండేదని ఆమె రాసింది. పుస్తకంలో చదివినప్పుడు ముచ్చటగా ఉన్న మాట అక్కడ నిలబడితే అంత ముచ్చటగా అనిపించలేదు. బోస్టన్ చుట్టుపక్కల మనవాళ్ళు చాలామంది ఉన్నారు. మీకెవరైనా ఉంటే ఆ గదిలో ఒక వీడియో తీసి పంపమనండి. సెమినార్‌లో అర నిమిషం వినిపిస్తే చాలు.

మిగతా ఉద్యోగ జీవితం త్వరగా చెప్తాను. 1865లో బోస్టన్ ప్రచురణకర్తలు టిక్నర్ అండ్ ఫీల్డ్స్ 'అవర్ యంగ్ ఫోక్స్' అనే పిల్లల పత్రిక మొదలుపెట్టినప్పుడు ముగ్గురు సంపాదకుల్లో ఈమె ఒకరు. 1873లో దాన్ని వేరే పత్రిక కొనేసి కలిపేసుకునేదాకా ఆ పనే. నెల జీతం వచ్చిన ఆఖరి ఉద్యోగం దాదాపు అదే. ఆ తర్వాత అచ్చంగా కలం మీదే బతికింది. సంకలనాలు, ఉపన్యాసాలు, పత్రికలకు కవితలు. 19వ శతాబ్దంలో ఆస్తీ భర్తా లేని స్త్రీ అలా ఇరవై ఏళ్ళు నెట్టుకురావడం చిన్న సంగతి కాదు. రాశి ఎక్కువై వాసి తగ్గడానికీ అదే కారణం. పండక్కో కవిత, రుతువుకో కవిత, నీతికో కవిత. అడిగినవాళ్ళకు అడిగినట్టు.

ఇక విట్టియర్. మీరు అడగలేదు గానీ సెమినార్‌లో ఎవరో ఒకరు అడుగుతారు. జాన్ గ్రీన్‌లీఫ్ విట్టియర్ 1844లో లోవెల్‌లో ఒక పత్రిక నడిపాడు. పరిచయం అప్పటిది. అతని చెల్లెలు ఎలిజబెత్ లూసీకి ప్రాణస్నేహితురాలు. విట్టియర్ ఆమె కవితలు దిద్దాడు, సంపాదకులకు సిఫార్సు చేశాడు, నిజంగా మేలు చేశాడు. ప్రేమ కథ అని ఊహించేవాళ్ళను వదిలేయండి, అంతకంటే పనికొచ్చే సంగతి ఇంకోటుంది. 1871లో 'చైల్డ్ లైఫ్', 1873లో దానికి వచన సంపుటం, 1875లో 'సాంగ్స్ ఆఫ్ త్రీ సెంచరీస్' అనే మూడు సంకలనాలు విట్టియర్ సంపాదకత్వం పేరుతో వచ్చాయి. వెతకడం, ఎంచడం, నకళ్ళు రాయడం అనే చాకిరీలో పెద్ద వాటా లార్కమ్‌ది. ముందుమాటలో విట్టియర్ ఆమెకు కృతజ్ఞత చెప్పాడు. అట్ట మీద పేరు అతనిది. బాగా పేరు తెచ్చిన 'స్నో-బౌండ్' కావ్యం తర్వాత విట్టియర్ పేరుంటే పుస్తకం అమ్ముడుపోతుందని అందరికీ తెలుసు, ఆమెకీ తెలుసు. ఆమెకు డబ్బు కావాలి, కాబట్టి ఒప్పుకుంది. ఇందులో విలన్ ఎవరూ లేరు. కానీ ఆమె పేరు ఎలా మరుగున పడిందో తెలియడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. ఆ తర్వాత ఒకటి రెండు సంకలనాలు ఆమె తన పేరుతోనే తెచ్చింది.

1875లోనే మిల్లు అమ్మాయిల మీద 'యాన్ ఐడిల్ ఆఫ్ వర్క్' అని ప్రాసలేని ఛందస్సులో పుస్తకమంత కథాకావ్యం రాసింది. నిజం చెప్పాలంటే చదవడం కష్టం. పాత్రలు మాట్లాడుకోవు, ఒకరికొకరు ఉపన్యాసాలిచ్చుకుంటాయి. మొదటి కొన్ని పేజీలు, ముందుమాట చూసి వదిలేయండి. అదే సరుకు 1889లో 'ఎ న్యూ ఇంగ్లండ్ గర్ల్‌హుడ్' అనే ఆత్మకథగా వచనంలో వస్తే ఎంత హాయిగా ఉందో చూడండి. చిన్నప్పటి బెవర్లీ వీధులు, చర్చిలో విన్న కీర్తనలు, మిల్లు కిటికీలో ఎవరో పెంచిన జెరేనియం మొక్కలు, అన్నీ చేతికి తగిలేలా ఉంటాయి.

దాంతో ఒక చిక్కుంది. అరవై దాటాక, అమ్మాయిల కోసమని రాసిన పుస్తకమది. చేదు చాలావరకు వడగట్టేసింది. పైగా పడమరకు వెళ్ళిన రోజుల దాకా వచ్చి ఆగిపోతుంది. తర్వాతి జీవితానికి 1894లో డేనియల్ అడిసన్ తెచ్చిన ఉత్తరాలు, డైరీల పుస్తకం ఉంది. ఆయన చర్చి ఫాదర్ కాబట్టి భక్తి పాలు కాస్త పెంచి చూపిస్తాడు. ఆమె చివరి రోజుల్లో ఎపిస్కోపల్ చర్చిలో చేరి భక్తి రచనలు చేసిన మాట నిజమే గానీ, మనిషి అంతా అదే కాదు. ఈ రెండింటినీ సరిచూసుకోవడానికి షర్లీ మార్కలోనిస్ 1989లో రాసిన జీవితచరిత్ర మీ యూనివర్సిటీ లైబ్రరీలో ఉందేమో అడగండి. 1881లో అట్లాంటిక్‌లో మిల్లు రోజుల మీద ఆమె రాసిన వ్యాసం చిన్నది, ఒక పూటలో అయిపోతుంది.

1893 ఏప్రిల్ 17న బోస్టన్‌లో చనిపోయింది. బెవర్లీలో పూడ్చిపెట్టారు. లోవెల్‌లో కాలవ పక్కన ఆమె పేరుతో ఒక పార్కు, వీటన్‌లో ఒక హాస్టల్, న్యూ హాంప్‌షైర్‌లో ఒక కొండ ఉన్నాయి. ఈ జాబితా పేపర్‌లో ఒక వాక్యం దాటనివ్వకండి.

ఇక పేపర్ ఎలా కట్టాలంటే, పుట్టుక నుంచి చావు దాకా చెప్పుకుంటూ పోతే ఇరవై నిమిషాలూ అక్కడే అయిపోతాయి. గుమాస్తాతో జరిగిన సంభాషణతో మొదలుపెట్టి, జీవితాన్ని రెండు పేజీల్లో ముగించండి. మిగతాదంతా 'హానా', 'వీవింగ్' కవితలకు ఇవ్వండి. మీకు ఓపికుంటే మూడోదిగా 'అన్‌వెడెడ్' పెట్టండి. ముగ్గురు స్త్రీలు, ఒకరు కుడతారు, ఒకరు నేస్తారు, ఒకరు తనకు నచ్చినట్టు ఒంటరిగా బతుకుతారు. సమ్మెల గురించి ఆత్మకథ మౌనం ఒక పేరాలో రావాలి, లేకపోతే ఎవరో ఒకరు పట్టుకుంటారు. ఆత్మకథ ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఉచితంగా ఉంది. మొత్తం చదివే టైమ్ లేకపోతే మిల్లులో పనికి చేరిన అధ్యాయం, మిల్లు అమ్మాయిల పత్రికల అధ్యాయం, ఆ తర్వాత చదువుల అధ్యాయం, ఈ మూడూ ఈ వారంలో పూర్తి చేయండి. డ్రాఫ్ట్ రాశాక 'వీవింగ్' మీద మీరు రాసిన పేరా ఇక్కడ పెడితే చూసి చెప్తాను.